తలలో మాటలు ఆగకుండా నడవడం ఏడీహెచ్‌డీ వల్లేనా? మా ఇంట్లో ముగ్గురికి మూడు రకాలు

మీ ప్రశ్న చదివాను. మీకు ఏడీహెచ్‌డీ (దృష్టి ఒకచోట నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఉంది, తలలో మాటలు ఆగవు. మీ తమ్ముడికి ఆటిజం, తన తలలో మాటలు రావు, బొమ్మలే వస్తాయంటాడు. మరి ఇవేవీ లేని మామూలు వాళ్లకి లోపల ఎలా ఉంటుంది అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. గుంటూరు బ్రాడీపేటలో పిల్లలకు ట్యూషన్ చెబుతాను. మా అబ్బాయికి ఆటిజం అని తేలాక, నా ముప్పై నాలుగో ఏట నాకు ఏడీహెచ్‌డీ అని తెలిసింది. మా ఆయనకు ఇలాంటివేవీ లేవు, మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తా. మీకు ఆశ్చర్యంగా ఉంటుందేమో గానీ, ఆ మామూలు మనిషికి కూడా తలలో మాటలు దాదాపు లేవు.

పెళ్లయిన పన్నెండేళ్లకు గానీ ఈ సంగతి బయటపడలేదు. రాత్రి భోజనం దగ్గర మౌనంగా ఉంటే "ఏం అనుకుంటున్నారు?" అని అడిగేదాన్ని. "ఏమీ లేదు" అనేవారు. నా తలలో ఒక్క నిమిషం కూడా మాట ఆగదు కాబట్టి, ఏమీ లేకుండా మనిషి ఉంటాడంటే నమ్మలేకపోయాను. నా దగ్గర ఏదో దాస్తున్నారని ఎన్నిసార్లు బాధపడ్డానో. చివరికి ఒకరోజు కూర్చోబెట్టి అడిగితే, కాటా మీద టిక్కీలు (మిర్చి బస్తాలు), చీటీ మీద అంకెలు కళ్ల ముందుకొస్తాయి తప్ప లోపల ఎవరూ మాట్లాడరని చెప్పారు.

మన భాష కూడా నన్ను పక్కదారి పట్టించిందనిపిస్తుంది. 'అనుకోవడం' అన్న మాటలోనే 'అనడం' ఉంది, తనకు తాను చెప్పుకోవడం. ఆలోచన అంటే లోపల మాట్లాడుకోవడమే అని ఆ మాట ముందే తీర్పు ఇచ్చేస్తుంది. మా అబ్బాయికి ఎనిమిదేళ్లప్పుడు వాటర్ బాటిల్ బడిలో మర్చిపోయి వచ్చాడు. ఎక్కడ పెట్టానని అనుకుంటున్నావురా అని అడిగాను. "నేను అనుకోనమ్మా, నాకు కనిపిస్తుంది" అని కళ్లు మూసుకున్నాడు. రెండో బెంచీ, కిటికీ వైపు, మూత ఊడి ఉంది అన్నాడు. మర్నాడు వెళ్లి చూస్తే బాటిల్ అక్కడే ఉంది, మూత విడిగా ఉంది.

అదే పిల్లాణ్ణి "సెలవుల్లో ఏం చేశావు?" అని అడిగితే నోరు పెగలదు. కనిపించినదాన్ని మాటల్లోకి మార్చుకోవాలి, అందుకు వాడికి టైమ్ పడుతుంది. అంతలో టీచర్ పక్క పిల్లాడి దగ్గరికి వెళ్లిపోయేవారు. 'ఆలోచించడు' అని డైరీలో రాసి పంపారు. ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇక నా సంగతి. ఇంటర్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. స్టడీ అవర్స్‌లో పైకి చదవకూడదు, పెదవులు కదిలినా తిట్టేవాళ్లు. నోరు మూస్తే నాకు పాఠం కూడా మూసుకుపోయేది. పేజీ మీద కళ్లు కదిలేవి, తలలో మాత్రం వేరే నాలుగు సంభాషణలు. సెలవులకు ఇంటికొచ్చి మేడ మీద నడుస్తూ పైకి చదివితే అదే పాఠం గంటలో వచ్చేసేది. నాలో ఏదో లోపం ఉందనుకుని రెండేళ్లు కుమిలిపోయాను.

లెవ్ వైగోత్‌స్కీ అనే రష్యన్ సైకాలజిస్టు 1930ల్లోనే దీని గురించి చెప్పాడు. చిన్నపిల్లలు ఆడుకుంటూ తమలో తాము పైకే మాట్లాడుకుంటారు కదా, ఆ మాటే బడి వయసులో మెల్లగా లోపలికి వెళ్లి ఆలోచనకు పనిముట్టు అవుతుందని. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో ఈ లోపలికి వెళ్లడం ఆలస్యమవుతుందని రస్సెల్ బార్క్‌లీ అనే అమెరికన్ సైకాలజిస్టు 1997లో ప్రతిపాదించాడు. ఇది చదివిన రోజున నా ఇంటర్ రోజులకు ఒక కారణం దొరికినట్టయింది. అందుకే మా ట్యూషన్‌లో లెక్కలు చేసేటప్పుడు గొణుక్కునే పిల్లల్ని నేను ఆపను.

అయితే 'ఏడీహెచ్‌డీ అంటే మాటలు, ఆటిజం అంటే బొమ్మలు' అని గీత గీసెయ్యకండి. 1994లో ఆస్పర్జర్ (ఆటిజంలో ఒక రకానికి అప్పట్లో పెట్టిన పేరు) ఉన్న పెద్దవాళ్లను పరిశీలించినప్పుడు ఎక్కువగా దృశ్యాలే కనిపించాయన్నారు, కానీ వాళ్లు ముగ్గురే. తాను బొమ్మల్లోనే ఆలోచిస్తానని ప్రపంచానికి చెప్పిన, ఆటిజం ఉన్న అమెరికన్ రచయిత్రి టెంపుల్ గ్రాండిన్ కూడా, ఆటిజం ఉన్నవాళ్లలో మాటలతో ఆలోచించేవాళ్లూ ఉన్నారని తర్వాత రాసింది. మామూలు వాళ్లలోనూ తేడాలు పెద్దవే. రస్సెల్ హర్ల్‌బర్ట్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1970ల నుంచి మనుషుల దగ్గర బీపర్ పెట్టి, అది మోగిన క్షణంలో లోపల ఏముందో రాయిస్తున్నాడు. 2008లో 30 మంది విద్యార్థులతో చేసినప్పుడు లోపలి మాట సగటున నాలుగో వంతు క్షణాల్లోనే ఉంది. కొందరిలో అసలు లేదు, కొందరిలో సగానికి పైగా ఉంది. లోపలి మాట తక్కువున్నవాళ్లకు ప్రాసలు పట్టుకోవడం, పదాల వరుస గుర్తుపెట్టుకోవడం కాస్త కష్టమని, ఒక పని నుంచి ఇంకో పనికి మారడంలో మాత్రం తేడా లేదని 2024లో ఇంకో అధ్యయనం వచ్చింది.

బీపర్ సంగతి చదివాక ఫోన్‌లో వేళాపాళా లేకుండా రోజుకు ఆరుసార్లు మోగేలా పెట్టుకుని పది రోజులు నోట్‌బుక్‌లో రాశాను. నా తల నిండా మాటలే అని అప్పటిదాకా ఒట్టేసి చెప్పేదాన్ని. ఒకసారి గోంగూర కలుపుతుండగా మోగింది. ఆ క్షణంలో నాలో ఒక్క మాట లేదు, బొమ్మ కూడా లేదు. ఉప్పు వేయలేదన్న సంగతి తెలుస్తోంది, అంతే. 'అయ్యో, ఉప్పు' అన్న మాట ఆ తర్వాతే వచ్చింది. ఇలాంటివి చాలా వచ్చాయి. మాటలు ఎక్కువే, కానీ నేను నమ్మినంత కాదు.

అందుకని మీ తమ్ముణ్ణి "నువ్వు మాటల్లో ఆలోచిస్తావా?" అని అడగొద్దు, దానికి ఎవరం సరిగ్గా జవాబు చెప్పలేం. "ఇందాక బెల్ మోగినప్పుడు ఏముంది?" అని అడగండి. తొందరపెట్టకండి, గీసి చూపించినా సరే అనండి. మా వాడు ఇప్పుడు బడి కబుర్లు ముందు కాగితం మీద మూడు గళ్లలో గీసి, తర్వాత చెబుతాడు.

ఒక్క జాగ్రత్త. లోపలి మాట తనది కాదని, వేరెవరో ఆజ్ఞాపిస్తున్నట్టు ఉందని ఎవరైనా అంటే అది ఈ కోవలోది కాకపోవచ్చు, సైకియాట్రిస్టుకు చూపించాలి.

మీరూ ఈ అలారం పద్ధతి చేసి చూడండి, కానీ రెండు రోజులకే ఒక నిర్ణయానికి రాకండి. మొదట్లో మనం ఉన్నది కాకుండా ఉందనుకున్నది రాసేస్తాం. నేను మొదటి మూడు రోజుల పేజీలు పక్కన పెట్టేశాను.