సమాధానం: 185డెల్‌ఏజీ ఎన్‌సీబీఐ సీక్వెన్స్‌లో ఎందుకు కనిపించట్లేదు?

పాత పేపర్లోని బీఆర్‌సీఏ1 (రొమ్ము క్యాన్సర్ ముప్పుతో ముడిపడ్డ జన్యువు) మార్పు 185డెల్‌ఏజీ (185 దగ్గర ఏ, జీ అనే డీఎన్‌ఏ అక్షరాలు పోవడం) కోసం, ఎన్‌సీబీఐ (అమెరికా ప్రభుత్వ జన్యు సమాచార కేంద్రం) ఇచ్చే కోడింగ్ సీక్వెన్స్‌లో, అంటే ప్రొటీన్ తయారీకి వాడే భాగంలో, 185వ అక్షరం దగ్గర వెతికితే ఏజీ లేదని మీరన్నారు. లెక్క మొదలయ్యే చోటు వేరు, అంతే. పాత పద్ధతిలో ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు నుంచి తయారయ్యే నకలు) మొదటి అక్షరం నుంచి లెక్కపెట్టేవాళ్లు. ఇప్పుడు ఏటీజీ (ప్రొటీన్ మొదలయ్యే మూడక్షరాల సంకేతం)లోని ఏ నుంచి.

1. బీఆర్‌సీఏ1 అయితే 119 తీసేయండి. 185 − 119 = 66. (బీఆర్‌సీఏ2 అనే మరో జన్యువుకైతే 228 తీసేయాలి, అక్కడి 6174డెల్‌టీ అలాగే 5946 అవుతుంది.)

2. చాలామంది ఇక్కడే ఆగిపోయి, డేటాబేస్‌లో 66 లేదని మళ్లీ టెన్షన్ పడతారు. 66 నుంచి 69 దాకా అక్షరాలు చూడండి: ఏ, జీ, ఏ, జీ. మొదటి జత పోయినా రెండోది పోయినా మిగిలేది ఒకటే సీక్వెన్స్. ఇలాంటప్పుడు కుడివైపు చివరి స్థానమే రాయాలని ఇప్పటి నియమం. కాబట్టి పేరు సి.68_69డెల్ (సి అంటే కోడింగ్ సీక్వెన్స్ లెక్క, డెల్ అంటే తొలగింపు). కొన్ని పేపర్లలో 187డెల్‌ఏజీ అని కనిపించేదీ ఇదే, వేరే మార్పు అనుకుని రెండుసార్లు లెక్కేయకండి.

3. బీఆర్‌సీఏ1లోనే ఇంకో మార్పు 5382ఇన్స్‌సీ (ఒక సీ అక్షరం అదనంగా చేరడం) కూడా ఇంతే. తీసివేస్తే 5263 వస్తుంది, అసలు పేరు సి.5266డూప్ (డూప్ అంటే అదే అక్షరం రెండోసారి రావడం).

4. క్లిన్‌వార్‌లో (జన్యు మార్పుల డేటాబేస్) 185డెల్‌ఏజీ కొత్త పేరు కొట్టి, ప్రొటీన్ మార్పు 23వ గ్లుటామిక్ ఆమ్లం దగ్గర ఫ్రేమ్‌షిఫ్ట్ (అక్కణ్నుంచి మూడేసి అక్షరాలు చదివే వరస మారిపోవడం) అని ఉందో లేదో సరిచూసుకోండి.

ఎక్సాన్ (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే జన్యువు ముక్క) నంబర్లతోనూ జాగ్రత్త. బీఆర్‌సీఏ1 పాత లెక్కలో 3 తర్వాత నేరుగా 5 వస్తుంది, 4 లేదు. మీ మార్పు 2వ ఎక్సాన్‌లోనే ఉంది కాబట్టి దానికి ఆ గొడవ లేదు.