కోవిడ్ తగ్గినా కొండెక్కితే ఆయాసం ఎందుకు?

కోవిడ్ వచ్చి నాలుగు నెలలైంది, ఊపిరితిత్తుల స్కాన్ బాగుంది, అయినా శాలిహుండం కొండ సగం ఎక్కేసరికి కూలబడిపోతున్నానని అడిగారు. స్కాన్ బాగుంటే అంతా బాగున్నట్టు కాదండి. కొందరిలో రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉన్నా కండరాలు దాన్ని పూర్తిగా వాడుకోలేవు. అలాగని అన్నీ కోవిడ్ మీదకే నెట్టేయకండి. రక్తహీనత, థైరాయిడ్, గుండె పరీక్షలు ముందు చేయించుకోండి.

అసలు గమనించాల్సింది మర్నాడు. ఆదివారం కొండెక్కితే సోమ, మంగళవారాలు మంచం దిగలేకపోతున్నారా? అయితే ‘రోజూ కొంచెం పెంచు’ అనే జిమ్ సలహా బెడిసికొడుతుంది. (మన చుట్టాలందరిదీ అదే సలహా!) అలుపు రాకముందే ఆగి కూర్చోవాలి. నడిచాక ఆక్సీమీటర్ 94 కన్నా తగ్గినా, ఛాతీ నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.