అమ్మ కణితి ముక్క బయోబ్యాంకుకు ఇవ్వాలా?

మీ ప్రశ్న ఇది: అమ్మకు రొమ్ము క్యాన్సర్, వచ్చే వారం హన్మకొండలో ఆపరేషన్. తీసిన గడ్డలో మిగిలిన ముక్క, కొంత రక్తం బయోబ్యాంకుకు (పరిశోధనల కోసం ఇలాంటి నమూనాలు దాచే చోటు) ఇవ్వమని ఫారం ఇచ్చారు. సంతకం పెట్టాలా, పెట్టకపోతే చికిత్సలో తేడా చూపిస్తారా, డబ్బులేమైనా ఇస్తారా?

ముందు భయం సంగతి. సంతకం పెట్టకపోయినా చికిత్సలో తేడా రాకూడదు. ఆ మాట ఫారంలోనే ఉండాలి. లేదంటే అక్కడే అనుమానించండి.

నేను డాక్టర్ని కాను, రిటైరైన లెక్కల సారును. వరంగల్‌లో ఒక వైద్య సంస్థ ఎథిక్స్ కమిటీలో (మనుషుల మీద పరిశోధనలు న్యాయంగా జరుగుతున్నాయా అని చూసేది) కొన్నేళ్లు సామాన్యుల తరఫు సభ్యుడిగా ఉన్నాను. నా మాటైతే, ఇవ్వండి. కానీ ఇచ్చాక అది ఎవరి చేతికి పోతుందో తెలుసుకుని ఇవ్వండి.

ఓసారి పాత ఫారాల కట్ట మా ముందుకొచ్చింది. ఎక్కువగా వేలిముద్రలే. నర్సంపేట, ములుగు వైపు తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లవి. చదువు రాని మనిషి వేలిముద్ర వేస్తే, ఆ పరిశోధనతో సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి పక్కన ఉండాలి. ఇక్కడ ప్రతి ఫారం మీదా ఒకే సాక్షి, అదే నీలం పెన్ను. ఎవరని అడిగితే వార్డు బాయ్. పిలిపిస్తే, ‘సార్ పెట్టమన్నడు, పెట్టిన’ అన్నాడు. అతన్ని అని లాభమేముంది? ఆ నమూనాల వాడకం ఆపించి, ఆ మనుషుల దగ్గర మళ్లీ అనుమతి తీసుకోమన్నాం. భద్రాచలం ఏజెన్సీలో 2009లో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టులో ఆశ్రమ పాఠశాల పిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు చేయడం పార్లమెంటు దాకా వెళ్లింది. అది బయోబ్యాంకు కాదు గానీ తంతు అదే.

అందుకే, సంతకం అమ్మది. మీది కాదు. ఫారం చదివి వినిపించాల్సింది ఆమెకే.

ఇక సంతకం తర్వాత. అమెరికాలో హవసుపాయ్ తెగవాళ్లు 1990లో షుగర్ జబ్బు పరిశోధనకని రక్తం ఇచ్చారు. విశ్వవిద్యాలయం వాళ్లు దాన్నే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు మీద, ఆ తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న దాని మీద కూడా వాడేశారు. 2010లో 7 లక్షల డాలర్లిచ్చి రాజీ పడ్డారు. మన ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం నమూనా దాన్ని ఇచ్చిన మనిషిదే, బయోబ్యాంకు కాపలాదారు మాత్రమే. వెనక్కి తీసుకుంటానంటే ఒప్పుకోవాలి, అయితే పేరు పూర్తిగా తీసేసిన నమూనానో, ఇప్పటికే వాడేసిందో వెనక్కి రాదు. అవి నేరుగా చట్టం కాదు, మార్గదర్శకాలే. కాబట్టి చిట్టీ కట్టేముందు అడిగినట్టు మీరే అడగాలి. పేరుకూ, నమూనా మీద పేరుకు బదులు వేసే కోడ్‌కూ లంకె ఉన్న జాబితా ఎవరి దగ్గర ఉంటుంది? నేను ఒకచోట చూసిన మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు తాళం భద్రంగానే ఉంది. పేషెంట్ల పేర్లు, ఊళ్లు రాసిన రిజిస్టర్ మాత్రం దాని పైనే పడి ఉంది! కొత్త పరిశోధనకు వాడే ప్రతిసారీ ఎథిక్స్ కమిటీ చూస్తుందా? కంపెనీలకు, విదేశాలకు పంపుతారా? కొన్ని ఫారాల్లో వీటికి విడివిడిగా టిక్ పెట్టే గడులుంటాయి. మా ఆవిడ థైరాయిడ్ గడ్డ ఇచ్చినప్పుడు కంపెనీల గడిలో ‘వద్దు’ అని పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు.

రెండు విషయాలు మాత్రం ఎక్కువమంది మరిచిపోతారు. ఒకటి, రోగ నిర్ధారణకు సరిపడా ముక్క పక్కన పెట్టాకే మిగిలింది బ్యాంకుకు పోవాలి. ఏ మందు పనిచేస్తుందో చెప్పే హెర్-2 లాంటి పరీక్షలకు, రేపు హైదరాబాద్‌లో రెండో అభిప్రాయానికి మైనంలో భద్రపరిచిన ఆ ముక్క (పారఫిన్ బ్లాక్) మీకే కావాలి. రెండోది, పరిశోధనలో బీఆర్‌సీఏ లాంటి, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే వంశపారంపర్య జన్యులోపం బయటపడితే మీకు చెబుతారా లేదా? అది అమ్మ ఒక్కరి సంగతి కాదు. మీకు, మీ అక్కాచెల్లెళ్లకు కూడా రావచ్చు.

కోసిన ముక్కను అరగంటలోపే ఫ్రీజ్ చేయాలని చూస్తారు, అందుకే ముందే సంతకం అడుగుతారు. తొందర పెట్టడానికి అదే కారణం, దాన్ని తప్పుపట్టను. ఇంకా వారముంది కదా, ఫారం ఇంటికి తెచ్చుకోండి.

డబ్బులా? ఇవ్వరు. ఆ ముక్క వల్ల రేపు ఏదైనా మందో పరీక్షో అమ్మకానికి వస్తే మీకు వాటా ఉంటుందా అన్నది ఫారంలో రాయాలి. నేను చూసినవాటిలో ఎక్కువ ఫారాలు ‘ఉండదు’ అనే అన్నాయి.