ఆడి తగ్గింపు వరుసలో నిలబడి షేర్లు కొన్నవాడి జవాబు

తాను తరచూ బట్టలు కొనే దుకాణాల కంపెనీ స్టాక్ మార్కెట్లో ఉన్నదనీ, సరుకు నచ్చింది కాబట్టి షేర్లు కూడా కొనవచ్చునా అనీ ఒకరు అడిగారు. సరిగ్గా ఆ పనే చేసి చేయి కాల్చుకున్నవాణ్ణి కనుక, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు ఉందనుకుంటున్నాను.

మాది నెల్లూరు, మద్రాసుకు వచ్చి ఇరవై ఏళ్లయింది. 2023లో, బట్టల దుకాణాలు తగ్గింపులు పెట్టే తమిళుల ఆడి మాసంలో ఒక శుక్రవారం నాడు సెలవు పెట్టి, మా ఆవిడతోనూ అత్తగారితోనూ టి.నగర్ బట్టల బజారుకని మాంబళం స్టేషన్లో దిగాను. రంగనాథన్ వీధిలో మేము నడిచామనడం కంటే, జనమే మమ్మల్ని మోసుకుపోయి ఉస్మాన్ రోడ్డులో దింపారనడం సబబు. అక్కడ ఊరంతా శాఖలున్న ఒక రెడీమేడ్ దుకాణంలో బిల్లు కౌంటరు ముందు నలభై నిమిషాలు నిలబడ్డాను. ముందూ వెనకా గంపలు నింపుకున్న మనుషులను చూస్తుంటే, ఈ కంపెనీకి లాభాలు రాక మరెవరికి వస్తాయనిపించింది. ఒక చేతిలో చుడీదార్లు పట్టుకొని, రెండో చేత్తో ఫోను తీసి, మూడున్నరకు మార్కెట్ మూసేలోపు అరవై షేర్లు కొనేశాను. ఇంత కొన్నవాళ్ల దగ్గర కూడా, తమ పేరు అచ్చువేసుకున్న సంచికి విడిగా డబ్బు వసూలు చేశారు. వాటాదారుణ్ణయ్యాను కాబట్టి అదీ లాభమేనని ఆ రోజు సంతోషించాను.

నిజానికి నాకు కావలసిన సమాచారం అక్కడే దొరికింది. మా అత్తగారు హ్యాంగర్లు ఒక్కొక్కటే జరుపుతూ, "ఏమే, ఇవన్నీ పోయిన దీపావళికి చూసినవే గదా!" అని మా ఆవిడతో అన్నారు. అమ్ముడుపోక మిగిలిన సరుకును దీపావళి కొత్త సరుకు రాకముందే సగం ధరకు వదిలించుకుంటున్నారని ఆ మాటకు అర్థం. నేను జనాన్ని చూశాను, ఆమె బట్టను చూశారు.

నవంబరులో ఆ కంపెనీ జూలై-సెప్టెంబరు త్రైమాసిక ఫలితాలు వచ్చాయి, లాభం పడిపోయింది, దానితోపాటు షేరూ పడింది. ఆ తరవాత తీరిగ్గా ఆలోచిస్తే తెలిసిందేమిటంటే, నేను షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచేముందు పంచాంగం తెరవవలసింది. ఆ ఏడాది తెలుగువారికి ఆషాఢం వెళ్లగానే అధిక శ్రావణం వచ్చి, ఆగస్టు మధ్య దాకా పెళ్లి ముహూర్తాలు లేకుండా పోయాయి. తమిళులకు ఆడిలో ఎటూ పెళ్లిళ్లు ఉండవు. 2022లో అక్టోబరు మొదటి వారంలోనే వచ్చిన దసరా మరుసటి ఏడాది దాదాపు మూడు వారాలు వెనక్కి జరగడంతో, సెప్టెంబరులో జరగవలసిన పండుగ కొనుగోళ్లు తరవాతి త్రైమాసికానికి మారిపోయాయి. బట్టల వ్యాపారాన్ని ఇలా తిథులు నడిపిస్తాయని టీవీలో చార్టులు గీసే సలహాదారుడు ఒక్కడూ చెప్పడు.

కంపెనీ మంచిదైనంత మాత్రాన కూడా సరిపోదు. వెస్ట్‌సైడ్, జూడియో దుకాణాలు నడిపే ట్రెంట్ షేరు 2024 అక్టోబరులో 8,000 రూపాయలు దాటి, ఆరు నెలలు తిరిగేసరికి 5,000 లోపుకు వచ్చింది. ఆ కాలంలో దుకాణాలు పెరుగుతూనే వచ్చాయి, అమ్మకాలూ పెరుగుతూనే వచ్చాయి. పెరిగే వేగం మాత్రం మార్కెట్ ఆశించినంతగా లేకపోయింది. జూడియోలో చొక్కా చవక కావచ్చు, కానీ 8,000 రూపాయల దగ్గర దాని షేరు చవక కాదు. ఇక టి.నగర్‌లో జనం విరగబడే పెద్ద దుకాణాల్లో చాలావాటి షేర్లు కొందామన్నా దొరకవు. 1928 నుంచి ఉన్న పట్టుచీరల నల్లి వారిది కూడా కుటుంబ వ్యాపారమే.

భార్య సూపర్ మార్కెట్లో కొన్న మేజోళ్లను చూసి అమెరికాలో పేరుపడ్డ ఫండ్ మేనేజరు పీటర్ లించ్ ఆ కంపెనీ షేర్లు కొన్నాడన్న కథను చాలామంది చెబుతారు. ఆయన దానితోపాటు కంపెనీ లెక్కలు కూడా పరిశీలించాడన్న సగాన్ని మింగేస్తారు.

అందుచేత మీరు తగ్గింపు రోజుల్లో కాక, పండుగా పెళ్లీ లేని ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ దుకాణానికి వెళ్లండి. అచ్చువేసిన ధరకే ఎంతమంది కొంటున్నారో, మూడు నెలల కిందట చూసిన చొక్కా ఇంకా అదే హ్యాంగరుకు వేలాడుతున్నదో లేదో చూడండి. తరవాత వార్షిక నివేదికలో సరుకు నిల్వ అంకెను రెండేళ్లకు పోల్చండి. అమ్మకాల కంటే నిల్వ వేగంగా పెరుగుతుంటే, అక్కడ బట్టలు మాత్రం కొనుక్కొని ఇంటికి రండి. నేనైతే ఈ మధ్య మా అత్తగారిని వెంటబెట్టుకొని వెళుతున్నాను.