యుద్ధ మంత్రివర్గంలో చోటు లేని ఆర్థిక మంత్రి

ప్రశ్న: రాజనీతి శాస్త్రంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల మా కాలేజీలో మూడు రోజుల క్రైసిస్ సిమ్యులేషన్ ఉంది, అంటే ఒక సంక్షోభంలో మంత్రుల పాత్రలు వేసి నిర్ణయాలు తీసుకునే అభ్యాసం. అంశం 1982 ఫాక్లాండ్స్ సంక్షోభం, మాది బ్రిటిష్ మంత్రివర్గం. రక్షణ, విదేశాంగ శాఖలు సీనియర్లు తీసేసుకున్నారు. నాకు ఆర్థిక శాఖ మిగిలింది. తీరా చదివితే ఆ మంత్రిని అసలు యుద్ధ మంత్రివర్గంలోకే తీసుకోలేదట! మా నాన్నగారేమో 'ఈ నాటకాలు మాని పోటీ పరీక్షకు చదువుకో' అంటున్నారు. తప్పుకోమంటారా? కెరీర్‌కి ఇది పనికొస్తుందా?

జవాబు: తప్పుకోకండి. నన్ను ఎంచుకోమంటే నేను ఆర్థిక శాఖే అడిగి తీసుకునేవాణ్ణి.

మీరు చదివింది నిజమే. ఫాక్లాండ్స్ దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ పాలనలో ఉన్న దీవులు, అర్జెంటీనా అవి తనవేనంటుంది. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సేనలు ఆ దీవుల్లో దిగాయి. ఆ తర్వాత బ్రిటిష్ ప్రధాని థాచర్ ఏర్పాటు చేసుకున్న చిన్న బృందంలో ఆమెతో పాటు హోం మంత్రి వైట్‌లా, విదేశాంగ మంత్రి పిమ్, రక్షణ మంత్రి నాట్, పార్టీ ఛైర్మన్ పార్కిన్సన్ ఉన్నారు. ఆర్థిక మంత్రి జెఫ్రీ హౌ లేరు. ఖజానా చూసేవాళ్లను దూరంగా ఉంచమని సలహా ఇచ్చింది మాజీ ప్రధాని మాక్మిలన్. యుద్ధం మధ్యలో ఎవరో ఒకరు 'ఈ ఓడకు ఎంతవుతుంది' అని లెక్క అడుగుతుంటే సైనిక నిర్ణయాలు డబ్బు చుట్టూ తిరుగుతాయని భయం. ఇది సరైన పనా కాదా అన్నది నేటికీ వాదించుకోదగ్గ విషయమే. సిమ్యులేషన్లలో అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడేస్తారు కాబట్టి, లోపల ఎవరుండాలన్న ప్రశ్నే రాదు. మొదటి సమావేశంలో దాన్ని మీరే లేవనెత్తండి.

ఇక పనంటారా, కావలసినంత ఉంది. బ్రిటన్ నుంచి ఫాక్లాండ్స్ దాదాపు 13,000 కిలోమీటర్లు. నౌకాదళం ఏప్రిల్ 5న బయల్దేరితే, దీవుల్లోని సాన్ కార్లోస్ దగ్గర సేనలు దిగింది మే 21న. ఓడలు దారిలో ఉన్న తొలి వారాల్లో బ్రిటన్ చేతిలో ఉన్నవల్లా దౌత్యం, ఆర్థిక ఒత్తిడి. అర్జెంటీనా ఆస్తులను వెంటనే స్తంభింపజేశారు, దిగుమతులు ఆపేశారు. ఏప్రిల్ మధ్యకల్లా యూరోపియన్ ఆర్థిక సమాజమూ దిగుమతులపై నిషేధం పెట్టింది. ఇవన్నీ మీ బల్ల మీదికొచ్చే ఫైళ్లే.

ఇంకో ముడి కూడా ఉంది. 1981 రక్షణ సమీక్షలో ఖర్చు తగ్గించుకోవడానికి ఎండ్యూరెన్స్ అనే గస్తీ ఓడను అక్కణ్ణుంచి ఉపసంహరించాలని నిర్ణయించారు. బ్రిటన్‌కు ఆ దీవుల మీద ఆసక్తి తగ్గిందని అర్జెంటీనా అర్థం చేసుకోవడానికి ఇదీ ఒక కారణమైంది. మీ సీనియర్ రక్షణ మంత్రి గొంతు పెంచినప్పుడు ఈ ఓడ సంగతి మెల్లగా కదిపి చూడండి. అయితే జాగ్రత్త, పొదుపు చేయమన్నది ఎవరని ఆయన మిమ్మల్నే అడగొచ్చు!

తయారీలో పిల్లలు ఎక్కువగా బోల్తా పడేది ఒక్క చోట. బ్రిటన్ గెలిచిందని ముందే తెలుసు కాబట్టి 'ఓడలు పంపిద్దాం' అని రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ రోజుల్లో అది అంత తేలిక కాదు. దండయాత్రకు ముందు, మార్చి 31 రాత్రి, నౌకాదళాధిపతి హెన్రీ లీచ్ స్వయంగా వచ్చి సాధ్యమేనని చెప్పేదాకా ప్రధాని చుట్టూ ఉన్నవాళ్లలో చాలామందికి నమ్మకం లేదు. కాబట్టి మీ సిమ్యులేషన్ ఏ తేదీన మొదలవుతుందో ఆ తేదీ దాకా జరిగినవే చదవండి. 1983 జనవరిలో వచ్చిన ఫ్రాంక్స్ కమిటీ నివేదిక దండయాత్ర ముందు కథనే చెబుతుంది, మీకు సరిగ్గా సరిపోతుంది. 1982 నాటి ప్రభుత్వ పత్రాలు 2012 చివర్లో బయటికొచ్చాయి. అవి సిమ్యులేషన్ అయ్యాక తెరవండి.

ఇంకో మాట. అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానోను బ్రిటన్ ముంచే ఘట్టం వస్తే చప్పట్లు కొట్టే జట్లను నేను చూశాను. మే 2న ఆ ఓడ దీవుల చుట్టూ బ్రిటన్ ప్రకటించిన 200 నాటికల్ మైళ్ల నిషేధ వలయం బయట ఉంది. దాడి చేయాలంటే ముందున్న ఆదేశాలనే మార్చాల్సి వచ్చింది. 323 మంది చనిపోయారు. ఆ డైరెక్టివ్ (సిమ్యులేషన్‌లో మీ జట్టు రాసిచ్చే ఆదేశం) మీద సంతకం పెట్టే ముందు కనీసం పది నిమిషాలైనా చర్చ జరిగేలా చూడండి.

కెరీర్ సంగతి సూటిగా చెబుతాను. సిమ్యులేషన్ సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. మాక్ ఇంటర్వ్యూల్లో 'బెస్ట్ డెలిగేట్' అవార్డు చూపించేవాళ్లను నేను ఒకటే అడుగుతాను: ఆ మూడు రోజుల్లో మీరు మనసు మార్చుకున్న నిర్ణయం ఏది? చాలామంది నీళ్లు నములుతారు. మీరు వెనక్కి తెచ్చుకోవలసింది ఒక పేజీ నోట్. ముందున్న మూడు దారులు, ఒక్కోదానికి అయ్యే ఖర్చు, అది బెడిసికొడితే ఏమవుతుంది, తెలియకుండానే నిర్ణయించాల్సి వచ్చినవి ఏవి అన్నవి అందులో ఉండాలి. దౌత్య సర్వీసులకైనా, విధాన పరిశోధన సంస్థలకైనా, రాజకీయ రిస్క్ అంచనా వేసే బీమా కంపెనీలకైనా రోజువారీ పని ఇలాంటి నోట్లే. అన్నిటికన్నా మీ పాత్రకు దగ్గరి ఉద్యోగం పేరు చాలామంది విద్యార్థులు వినే ఉండరు. బ్యాంకుల్లో శాంక్షన్స్ కంప్లయన్స్ విభాగం ఉంటుంది. ఎవరి ఖాతాలు, ఏ లావాదేవీలు ఆంక్షల కిందికి వస్తాయో చూడటమే వాళ్ల పని. అటు వెళ్లాలంటే అర్థశాస్త్రం, కొంత అంతర్జాతీయ చట్టం తోడవ్వాలి.

నాన్నగారి విషయంలో నేను పూర్తిగా మీ పక్షం కాదు. పరీక్ష ఆ నెలలోనే ఉంటే ఆయన చెప్పినట్టే చేయండి. లేకపోతే రోజుకు గంట చొప్పున రెండు వారాల తయారీ, ఆపై మూడు రోజులు అని ముందే చెప్పి, ఆ లెక్క దాటకండి. ఆర్థిక మంత్రికి ఆమాత్రం బడ్జెట్ తప్పదు కదా. మొదటి రోజు మీ మొదటి డైరెక్టివ్ ఆస్తుల స్తంభన మీదే పెట్టండి. దానికి అర్జెంటీనా ఎలా బదులిస్తుందో బ్యాక్‌రూం వాళ్లు, అంటే వెనక ఉండి సిమ్యులేషన్ నడిపే నిర్వాహకులు, తలలు పట్టుకుంటారు.