అత్తమ్మను ‘నువ్వు’ అంటే తప్పా?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. మా ఆయనది భీమవరం దగ్గర పల్లె. ప్రేమ పెళ్లి, హైదరాబాద్‌లో కాపురం. పోయిన నెల అత్తామామలు వచ్చారు. మొదటిరోజే ‘అత్తమ్మా, నువ్వు తిన్నవా?’ అని అడిగితే అత్తమ్మ ముఖం మాడింది. మర్నాడు మా అమ్మతో ఫోన్‌లో ‘మామ పోయిండు, ఇప్పుడే బజారుకు’ అన్నాను. అది విని అత్తమ్మ ‘మీ ఇంట్లో పెద్దవాళ్లను ఇలాగే అంటారా?’ అని అడిగేశారు. మేమంతా ఇలాగే మాట్లాడుకుంటాం. మా ఆయనేమో ‘మీరు అనేస్తే పోతుందిగా’ అంటారు. నా భాష నేనెందుకు మార్చుకోవాలి?

జవాబు: మీరు అమర్యాదగా మాట్లాడలేదు. అలాగని మీ అత్తగారు కావాలని నొచ్చుకున్నారనీ అనుకోకండి. గౌరవం ఇద్దరికీ ఉంది. అది మాటలో ఏ చోట వినిపించాలన్న దగ్గరే పేచీ.

గోదావరి జిల్లాల్లో గౌరవమంతా క్రియ చివర ఉంటుంది. తిన్నారా, పడుకున్నారు, అవునండి. అత్తగారు ఎదురుగా లేకపోయినా కోడలు ‘అత్తయ్యగారు పడుకున్నారు’ అనే అంటుంది. మీ వైపు చాలా ఇళ్లలో ఆ బరువు వరస మోస్తుంది. ‘అత్తమ్మ’ అన్న పిలుపులోనే అమ్మ ఉంది, ఇక ‘నువ్వు’ అనడం దగ్గరితనం. ‘పోయిండు’ కూడా మీకు మామూలు మాట. ‘మా నాయన పోయిండు’ అన్నా ఎవరూ తప్పుపట్టరు. అదే కోస్తా చెవిలో పడితే ‘వాడు’ అన్నట్టు వినిపిస్తుంది. పైగా అక్కడ మనిషి ‘పోయాడు’ అంటే చనిపోయాడని. ‘మామ పోయిండు’ తర్వాత మీరు ‘బజారుకు’ అనేలోపే ఆవిడ గుండె ఝల్లుమని ఉంటుంది! ఇకమీదట ఊరో, చోటో ముందు చెప్పి ఆ తర్వాతే ‘పోవడం’ అనండి.

ఇంకోటి గమనించండి. మీ ఆయన వాళ్లమ్మను ఏమంటారు? కోస్తాలో ఎక్కువ ఇళ్లలో అమ్మకు ‘నువ్వే’. దేవుణ్ణయితే అందరం నువ్వనే పిలుస్తాం. కాబట్టి ఆ మాటలో అవమానం లేదు. కడుపున పుట్టినవాళ్లకు ఆ చనువుంది, కోడలికి లేదు అన్నది ఆ ఇంటి లెక్క.

మరి మీరెందుకు మారాలి? మీ కోపం అర్థమవుతోంది. తెలంగాణ మాటను ఏళ్ల తరబడి సినిమాల్లో రౌడీకీ కమెడియన్‌కీ అంటగట్టారు. అందుకే ‘సరిగ్గా మాట్లాడు’ అని ఎవరన్నా ఆ పాత గాయమే కెలికినట్టుంటుంది. అయితే ఇక్కడ మీ భాష మార్చక్కర్లేదు, ఏకవచనం ఒక్కటి మారిస్తే చాలు. బహువచనం మీ యాసలోనే ఉంది కదా: ‘తిన్నరా అత్తమ్మా?’, ‘కూసోండ్రి’, ‘మామ వచ్చిండ్రు’. ‘మీరు’ అన్న మాట నోటికి రాకపోతే వదిలేయండి. తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది, ‘తిన్నరా’ అంటే మీరు అన్నట్టే. ‘అత్తమ్మ’ పిలుపు మాత్రం వదలొద్దు, ‘అత్తయ్యగారు’ అనబోతే మీ నోట్లో అది అరువు మాటలా ఉంటుంది. రోజూ అవసరమయ్యేవి నాలుగైదు మాటలే. తిన్నరా, చాయ్ పెట్టమంటరా, మందులు ఏసుకున్నరా, పోయొస్త. వారం రోజుల్లో అలవాటైపోతాయి.

జారిపడే చోటు ఒకటుంది. కంగారులో ‘మీరు తిన్నవా?’ అని సగం సగం వస్తుంది. అది ‘నువ్వు’ కన్నా ఘోరం, వెక్కిరింపులా వినిపిస్తుంది. ప్రతి మాటకూ ‘అండీ’ తగిలించినా అంతే. ‘అవునండి, లేదండి’ దగ్గర ఆగిపోండి.

‘మీరు అనేస్తే పోతుందిగా’ అని మీ ఆయన తప్పుకోవడం కుదరదు. వాళ్లమ్మతో ఒంటరిగా, మీరు లేనప్పుడు, ఆయనే చెప్పాలి: ‘అమ్మా, వాళ్లింట్లో అత్తను అమ్మలాగే నువ్వంటారు, నేను నిన్ను అంటున్నట్టే.’ అంతవరకే. ‘నువ్వే సర్దుకోవాలి’ అని తోక తగిలిస్తే పని చెడుతుంది. భోజనాల దగ్గర అందరి ముందూ మీ మాట సరిదిద్దడం కూడా ఆయన మానుకోవాలి. మీ పుట్టింట్లో ఆయన వంతు వస్తుంది. ‘మావయ్యగారూ, మీరు’ అంటూ ఆయన మర్యాదగా ఉంటుంటే, మీ అమ్మకు అల్లుడింకా చుట్టంలెక్కనే ఉన్నాడనిపించవచ్చు. ఆయన ‘నువ్వు’ అనక్కర్లేదు, ‘అత్తమ్మా’ అని నోరారా పిలిస్తే చాలు.

ఇక ‘మీ ఇంట్లో ఇలాగే అంటారా’ అన్న మాట. అది మీ అమ్మానాన్నల పెంపకాన్ని తాకింది కాబట్టి మింగేయకండి. ఇద్దరూ మామూలుగా ఉన్నప్పుడు, కూర ఒలుచుకుంటూనో బట్టలు మడతపెడుతూనో, ఒక్కసారి అనండి: ‘మా దిక్కు నువ్వంటే దగ్గరోళ్లని అత్తమ్మా. మీకు కష్టమైతే మార్చుకుంట. మా అమ్మానాన్నల్ని మాత్రం అనకుండ్రి.’ ఆ తర్వాత మళ్లీ ఆ ఊసెత్తొద్దు.

మీరు మాట మార్చిన రెండు మూడు నెలల తర్వాత కూడా ఆవిడ ఏదో ఒక పదం పట్టుకుంటూనే ఉంటే, అడ్డుపడుతున్నది ‘నువ్వు’ కాదు, ఈ పెళ్లి అనుకోవాలి. అప్పుడు కూర్చుని మాట్లాడాల్సింది మీ ఆయన, వాళ్లమ్మ. మీరు ఆ గదిలో ఉండక్కర్లేదు.