ప్లానెట్ జూలో మన అడవి జంతువుల విభాగం కట్టాలంటే ముందు ఏ ప్యాక్ కొనాలి?

మీ ప్రశ్న ఇదే కదా: జూ కట్టే వీడియో గేమ్ ప్లానెట్ జూలో బేస్ గేమ్ (ప్యాక్‌లు లేని అసలు గేమ్) బాగా ఆడేశారు, విడిగా కొనే అదనపు ప్యాక్‌లలో రెండింటికే డబ్బు పెడతారు, మన దేశపు అడవి విభాగం కట్టాలి. అయితే ముందు సౌత్‌ఈస్ట్ ఏషియా యానిమల్ ప్యాక్, తర్వాత యురేషియా యానిమల్ ప్యాక్ కొనండి. పేర్లలో ఇండియా లేదని వదిలేయకండి.

ఈ గేమ్‌కు ప్యాక్‌లు రెండు రకాలు: సీనరీ ప్యాక్‌లు, యానిమల్ ప్యాక్‌లు. 2019 డిసెంబర్‌లో వచ్చిన ఆర్కిటిక్ ప్యాక్‌లో నాలుగే జంతువులు. ఆ తర్వాతి సీనరీ ప్యాక్‌లలో సాధారణంగా నాలుగు హాబిటాట్ జంతువులు (కంచె వేసిన ఆవరణలో ఉండేవి), గాజు పెట్టెలో పెట్టే ఎగ్జిబిట్ జీవి ఒకటి, వాటితో పాటు కుప్పలుగా కట్టడాల ముక్కలు ఉంటాయి. 2021 మార్చిలో సౌత్‌ఈస్ట్ ఏషియాతో మొదలైన యానిమల్ ప్యాక్‌లలో ఎక్కువగా ఏడు హాబిటాట్ జంతువులు, ఒక ఎగ్జిబిట్. కట్టడాల ముక్కలు మాత్రం దాదాపు సున్నా. రెండింటి ధరా ఒకటే. బేస్ గేమ్‌లోనే ఇండియా థీమ్ ముక్కలు ఉన్నాయి కాబట్టి మీకు సీనరీ ప్యాక్ అవసరం తక్కువ. బెంగాల్ పులి, ఏనుగు, ఖడ్గమృగం, నెమలి, ఘరియల్ (పొడవు మూతి మొసలి) కూడా బేస్‌లోనే ఉన్నాయి, అవి ఎలాగూ మీ దగ్గర ఉన్నట్టే.

సౌత్‌ఈస్ట్ ఏషియా ప్యాక్‌లో మీకు పనికొచ్చేవి నాలుగు. ధోల్ అంటే మన రేచుకుక్కే, నల్లమలలో తిరిగే జంతువు. క్లౌడెడ్ లెపర్డ్, బింటురాంగ్ (పునుగుపిల్లి జాతి జంతువు), సన్ బేర్ మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో ఉంటాయి. మలయా టేపిర్, బాబిరూసా, ప్రోబోసిస్ కోతి మన దేశానివి కావు, వాటిని పక్క విభాగంలో పెట్టుకోండి. యురేషియాలో స్లాత్ బేర్ ఉంది, అదే మన అసలు ఎలుగుబంటి. తూర్పు హిమాలయాల టాకిన్ (మేక జాతి పెద్ద జంతువు) కూడా అందులోనే. మూడో ప్యాక్‌కు ఎప్పుడైనా డబ్బు కుదిరితే వెట్‌ల్యాండ్స్ చూడండి: అడవి గేదె, చిన్నగోళ్ల నీటికుక్క అందులో ఉన్నాయి. కాపిబారా, ప్లాటిపస్ కొసరు.

కొన్న తర్వాత ఎక్కువమంది తప్పు చేసేది చెట్లెక్కే జంతువుల దగ్గరే. క్లౌడెడ్ లెపర్డ్, బింటురాంగ్‌లకు కంచె పెట్టేటప్పుడు ఎక్కలేని రకం ఆన్ చేయండి. అది చేసినా, కంచెకు ఆనించి బండో చెట్టో పెట్టారంటే దాని మీద నుంచి దూకి బయటపడతాయి. ఎక్కడానికి పెట్టే దుంగలను కంచెకు దూరంగా, లోపలివైపే ఉంచండి. జంతువును ఎంచుకుని అది వెళ్లగలిగే చోట్ల మ్యాప్ చూస్తే తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. తప్పించుకుందన్న అలర్ట్ వచ్చేదాకా ఆగకండి.

రెండో తప్పు మొక్కలు. జంతువు ఖండం, బయోమ్ (అది బతికే అడవి, ఎడారి లాంటి ప్రాంతం) రెండూ సరిపోయే మొక్కలనే ఫిల్టర్ పెట్టి ఎంచుకోవాలి. పచ్చగా ఉంటే చాలనుకుని దట్టంగా నాటితే కవరేజ్ (మొక్కలు కప్పే నేల) పరిమితి దాటి జంతువు సంక్షేమం పడిపోతుంది. నేల రంగులు కూడా అంతే: గడ్డి, మట్టి, రాయి ఒక్కోటి ఎంత శాతం కావాలో టెరైన్ ట్యాబ్‌లో పచ్చ గీత చూపిస్తుంది. నేల ముందు పూసి, చెట్లు తర్వాత పెట్టండి. తారుమారైతే చెట్ల కింద బ్రష్ తిప్పడం పెద్ద తలనొప్పి.

గుంపుగా బతికే వాటిని పెట్టేముందు జూపీడియాలో (గేమ్‌లోనే ఉండే జంతువుల వివరాల పుస్తకం) మగవి ఎన్ని, ఆడవి ఎన్ని ఉండొచ్చో చూడండి. పిల్లలు పెరిగి మగవి ఎక్కువైతే కొట్లాటలు, గాయాలు, పశువైద్యుడి చుట్టూ పరుగులు. ముందే గర్భనిరోధకం ఆన్ చేయడం, ఎదిగిన వాటిని అమ్మేయడమో అడవిలోకి వదలడమో సులువు. వదిలితే కన్సర్వేషన్ క్రెడిట్లు (గేమ్‌లో జంతువులు కొనడానికి వాడే పాయింట్లు) కూడా వస్తాయి.

ఇక అందరూ ఎగబడే ఆక్వాటిక్ ప్యాక్ మాట. గ్రే సీల్, కింగ్ పెంగ్విన్, జెయింట్ నీటికుక్క నీళ్లలో మునిగి ఈదడం చూడ్డానికి నిజంగా బాగుంటుంది. కానీ ఆ మునక బేస్ గేమ్‌కు ఉచితంగా వచ్చిన అప్‌డేట్‌లో భాగం, అందుకోసమే ప్యాక్ కొనక్కర్లేదు. పైగా నీళ్ల పని కొంచెం చిరాకు. కొలను చుట్టూ ఎక్కడ చిన్న సందున్నా నీళ్లు నిండవు. శుద్ధి కేంద్రం పరిధిలో లేకపోతే నీళ్లు మురికిపట్టి జంతువులకు జబ్బు చేస్తుంది. శుద్ధి కేంద్రానికి కరెంటు కూడా అందాలి. కీపర్ గేటు, మేత తొట్టి గట్టి నేల మీదే ఉండాలి.

ఆర్కిటిక్ ప్యాక్ మీ ఉష్ణమండల మ్యాప్‌లో ఆఖరున చూసుకోవచ్చు. ధ్రువపు ఎలుగుబంటిని వేడి చోట పెడితే కూలర్లతో చుట్టేయాలి, ఒక్కోదానికీ కరెంటు లాగాలి. ట్రాపికల్ ప్యాక్‌లోని స్లాత్‌ను చూసి మురిసిపోకండి, అది వాక్‌త్రూ ఎగ్జిబిట్‌లోనే (సందర్శకులు లోపల నడిచే గది) ఉంటుంది, మీరు కట్టిన చెట్టు మీద వేలాడదు.

వర్క్‌షాప్ (ఆటగాళ్లు తమ కట్టడాలు పంచుకునే చోటు) నుంచి బ్లూప్రింట్ (సిద్ధంగా ఉన్న కట్టడం) దించేముందు ఏ డీఎల్‌సీలు, అంటే ప్యాక్‌లు, కావాలో పేజీలో చూడండి. ఆ ప్యాక్ మీ దగ్గర లేకపోతే కట్టడం సరిగా రాదు. స్టీమ్ (గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) సేల్‌లో పాత ప్యాక్‌లకు తగ్గింపులు వస్తాయి కాబట్టి రెండూ ఒకేసారి కొనాలని తొందరపడకండి. ముందు ధోల్‌లతో మొదలుపెట్టండి.